ఊదే గది

జాబ్జె ఆసుపత్రి కింది అంతస్తు. ఉత్తరపు కిటికీ.
అందరూ దాన్ని ఊదే గది అనేవాళ్లు.
వాళ్లు ఊదుతారు, నేను రాస్తాను.
ఎనభై మూడు నవంబరు.
కురిసిన గంటకే మంచు నల్లబడేది.
కోక్ బట్టీల పొగ మాకు వాతావరణం కాదు,
వచ్చి పోవడం మరిచిన చుట్టం.

అలోయ్జి కుబోషెక్ మంగళవారాలు వచ్చేవాడు.
గని కింద ఇరవై రెండేళ్లు.
గని పైన, బ్యాండులో, బారిటోన్ బూర
చంటిబిడ్డలా ఒళ్లో పట్టుకునే ఇత్తడి.
"దాన్లోకి ఊదే గాలి ఈ గొట్టంలోకి రాదేం?" అంటే
"నీ గొట్టానికి పాట రాదుగా" అనేవాడు,
మాట మాటకీ మధ్య ఛాతీలో పిల్లికూతలు.

నాలుగు మంగళవారాలు, నాలుగు కవర్లు.
ఒకదాంట్లో గుళికా పీల్చే మందూ రెండూ ఉత్తివే.
ఒకదాంట్లో గుళిక నిజం, ఒకదాంట్లో పీల్చేది నిజం,
ఒకదాంట్లో రెండూ.
ఏ రోజు ఏదో డాక్టర్ సెవెరినాకు తెలియదు, నాకు తెలియదు.
తెలిసింది ఇనప్పెట్టెకి.

డాక్టరు పిడికిలి చూపించి చెప్పేది:
"గాలిగొట్టం చుట్టూ కండ ఉంటుంది.
కాల్షియం లోపలికి దూరిందా, ఇదిగో, ఇలా బిగుస్తుంది.
పీల్చే మందు దాన్ని బుజ్జగిస్తుంది, వదులు, వదులు అని.
గుళిక గుమ్మంలో కూచుని కాల్షియాన్ని రానివ్వదు.
ఒకరు పిల్లను జోకొడుతుంటే
ఇంకొకరు వెళ్లి వీధి తలుపు మూసినట్టు."
"పని చేస్తుందా?"
"తెలిస్తే నిన్నెందుకు ఊదమంటాను?"

రెండో వారం అతను గర్వంగా చెప్పాడు
పాలు మానేశానని.
పాలలో కాల్షియం ఉంటుందని ఎవరో అన్నారట.
"మా ఆవిడ క్యూలో నించుని తెచ్చినవి, ముట్టలేదు."
ఆ ఏడు చలికాలంలో డాక్టరు నవ్వగా చూసింది
ఆ ఒక్కసారే.

చన్నీటి పొగలాంటి గాలి ముక్కులోకి వదిలి
కదిలే బెల్టు మీద ఆరు నిమిషాలు పరిగెత్తించేవాళ్లం.
తర్వాత ఊదు. మళ్లీ ఊదు. ఇంకోసారి.
రెండు వందల నలభై.
రెండు వందల అరవై అయిదు.
మూడో మంగళవారం అతని మొహం కల్లు తాగినట్టు ఎర్రబడింది,
తల దిమ్ముగా ఉందన్నాడు, వేళ్లు వణికాయి.
నాకు తెలిసిపోయింది.
తెలియకూడదు. పెన్సిలు కిందపెట్టి
కిటికీ వైపు తిరిగాను, అది తప్పు చేసినట్టు.
మూడు వందల తొంభై అయిదు.
ఆఖరు వారం వేళ్లు మటుకే వణికాయి.
మూడు వందల ఎనభై.

తేడా పదిహేను.
అగ్గిపుల్ల ఆర్పడానికి చాలుతుందా పదిహేను?

ఆ ఆదివారం పునీత బార్బర పండగ.
తెల్లారకముందే గనివాళ్ల బ్యాండు
మా కాలనీ వీధుల్ని లేపుతూ వచ్చింది.
నల్లకోట్లు, టోపీల మీద ఈకలు.
రెండో వరుసలో అతను.
వాల్వుల మీద వేళ్లు వణుకుతున్నాయి,
రాగమూ కొంచెం వణికింది.
ఒక పొడుగు స్వరం వచ్చింది.
అలవాటు చొప్పున లెక్కపెట్టాను. నాలుగు, అయిదు, ఆరు...
ఏడు దగ్గర అతను పెదాలు తీసేశాడు.
స్వరం ఆగలేదు. పక్కవాడు మోస్తున్నాడు.
ఇతను గాలి తెచ్చుకుని వచ్చి కలిసేసరికి
అతను దిగాడు, ఊపిరికి.
ఇద్దరూ ఒక్కసారి ఊపిరి తీసుకోకూడదట,
తర్వాత చెప్పాడు. తాతల నాటి కట్టుబాటు.

ఏప్రిల్లో ఇనప్పెట్టె తెరిచారు.
పద్దెనిమిది మంది, డెబ్బై రెండు కవర్లు.
డాక్టరు రెండు సిగరెట్లంత సేపు లెక్కలు చూసి
ఒక వాక్యం రాసింది:
రెండూ కలిపితే కొంత మేలు కనిపించింది,
చెప్పుకోదగ్గంత కాదు.
'కొంత' కొట్టేసింది. మళ్లీ రాసింది.

రక్తపోటు ఎలాగూ ఉంది కాబట్టి
గుళిక కొనసాగించమని అతనికి చెప్పాం.
గుమ్మం దాకా వెళ్లి, టోపీ పెట్టుకుని,
వెనక్కి తిరిగాడు.

"మరి పాలు తాగొచ్చా?"